మూత విప్పి చూడొచ్చా?

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ, కొన్న వస్తువు నిజంగా మనది కావాలంటే దాని మూత విప్పి చూసే హక్కు ఉండాలి, విప్పితే అర్థమయ్యే చదువూ ఉండాలి అని ఒక మాట అనేసి వదిలేశాను. మీరు వదల్లేదు. కావలి నుంచి కనిగిరి దాకా ప్రశ్నలే ప్రశ్నలు. ఒకాయనైతే ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, అందులో మూడు నిమిషాలు వాళ్ళ ఊరి లైన్‌మ్యాన్ గురించే. చోటున్నంతవరకు తీసుకున్నాను, ప్రశ్నలు కుదించాను, తిట్లు తీసేశాను.

*

ప్రశ్న: మాస్టారూ, టెక్నాలజీని అందరికీ తెరిచిపెట్టి, అందరికీ చదువు చెబితే సమాజాన్నే కొత్తగా కట్టుకోవచ్చని మా కాలేజీకి వచ్చిన ప్రతి గెస్టూ చెప్పిపోతున్నాడు. వినీ వినీ విసుగొచ్చింది. మన వైపు ఎక్కడైనా అలా జరిగిందా, లేక ఇదంతా పీపీటీల్లోనేనా?
(బి.టెక్ మూడో ఏడాది, కావలి)

జవాబు: జరిగింది అబ్బయా. నువ్వు పుట్టకముందు, మన జిల్లాలోనే. దూబగుంట అనే ఊరి పేరు మీ నాయనమ్మనడుగు, చెబుతుంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం గట్టిగా నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట దీపం కింద కూచుని అక్షరాలు దిద్దుకున్నారు. సెల్లు లేదు, కంప్యూటరు లేదు. ఉన్న టెక్నాలజీ అంతా ఒక పలక, ఒక బలపం, ఒక పల్చటి వాచకం. (పలక మార్కాపురానిదే అయ్యుంటుంది, మన వైపు ఇంకెక్కడిది వస్తుంది.) ఆ వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల ఇళ్ళు ఎట్లా గుల్లవుతున్నాయో, ఒక ఆడమనిషి పూనుకుని ఊరిని కూడగట్టి సారా కొట్టు ఎట్లా మూయించిందో అందులో ఉంది. కూడబలుక్కుని చదివినవాళ్ళకు అది కథలాగా అనిపించలేదు, వాళ్ళింటి గొడవలాగానే అనిపించింది. మరి మన ఊళ్ళో ఎందుకు కాదు అన్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా ఊళ్ళోకి రాకుండా అడ్డం పడ్డారు. వాళ్ళను ముందుండి నడిపించిన రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది.

నాకు దీంట్లో బాగా నచ్చేది ఆ తర్వాత జరిగింది. దూబగుంట సంగతే మళ్ళీ పాఠమై వేరే ఊళ్ళ రాత్రి బడులకు వెళ్ళింది. అది చదివినవాళ్ళు వాళ్ళ ఊళ్ళలో కొట్లు మూయించారు, వేలంపాటలు జరగనివ్వలేదు. మీ భాషలో చెప్పాలంటే యూజర్లే తర్వాతి వెర్షన్ రాశారు. పుస్తకం పైనుంచి వచ్చిందే, కాదనను, కానీ అందులో కింది నుంచి పేజీలు చేర్చుకోవడానికి వీలుంది. అదే ఆడవాళ్ళకి 'అల, ఇల, ఈగ' నేర్పి పంపేసుంటే సంతకం వచ్చేది, వేలిముద్ర పోయేది, అంతటితో సరి.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యానికే వచ్చింది, 1997లో సడలిపోయింది. కాబట్టి ఒకసారి కట్టుకుంటే సమాజం అట్లాగే నిలబడి ఉంటుందని మాత్రం నీకు మాటివ్వలేను.

*

ప్రశ్న: రొయ్యల చెరువు ఏరేటర్లకు ఫోన్లో నడిచే స్టార్టర్ పెట్టించాను. రెండేళ్ళు బాగానే పనిచేసింది. ఉన్నట్టుండి యాప్ తెరుచుకోవడం మానేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు, మూసేశారంట. బాక్సు విప్పితే చిప్పు మీద నంబరు గీకేసి ఉంది. మీరేమో ఓపెన్ ఓపెన్ అంటారు. ఓపెన్ అంటే ఏంది, ఊరికే ఇవ్వడమా?
(ఆక్వా రైతు, ఇందుకూరుపేట దగ్గర)

జవాబు: ముందు మీ చెరువు సంగతి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, ఆ బాక్సుతో సంబంధం లేకుండా చేత్తో వేసుకునే స్విచ్చి ఒకటి పక్కన పెట్టించండి, ఈ రోజే. మీకు నేను చెప్పాలా, రాత్రిపూట నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా తనే పీల్చుకుంటుంది, తెల్లవారుజాముకి డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది, సరిగ్గా ఆ టైములో ఏరేటర్ ఆగితే పొద్దున మీరు గట్టు మీద కూచుని తల పట్టుకోవాలి.

ఇక ఓపెన్ అంటే ఊరికేనా అన్నది. ఈ గందరగోళం ఇంగ్లీషు తెచ్చిపెట్టింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఎవరైనా వాడుకోగల, లోపల చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తానని ప్రకటించాడు. దాన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఇంగ్లీషువాళ్ళకు ఊరికే వచ్చిందీ ఫ్రీయే, కట్టు తెంచుకున్నదీ ఫ్రీయే, ఇక ఆయనకు జీవితమంతా 'నేను డబ్బు గురించి మాట్లాడట్లేదు బాబూ' అని చెప్పుకోవడంతోనే సరిపోయింది. మనకా తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆయన అడిగింది రెండోది: ఎందుకు కావాలంటే అందుకు వాడుకునే, లోపలేముందో చూసి మార్చుకునే, పక్కవాడికిచ్చే, మార్చినదాన్ని కూడా ఇచ్చే స్వేచ్ఛ.

వరి వేసిన చెయ్యికి ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. నెల్లూరు మసూరి ఉంది చూడండి, ఎన్‌ఎల్‌ఆర్ 34449, మన నెల్లూరు పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. మొదటిసారి విత్తనం డబ్బిచ్చే తెచ్చుకుంటాం. కానీ పండాక అందులోంచి మంచివి ఏరి దాచుకుని మళ్ళీ నారు పోసుకోవచ్చు, పక్క చేను ఆయనకు బస్తాకు బస్తా మార్పిడి ఇవ్వొచ్చు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా ఇదే మాట రాసిపెట్టింది, బ్రాండు పేరేసి అమ్మకూడదంతే. హైబ్రిడ్ అట్లా కాదు. దాచి పోస్తే రెండోసారి అదే పంట రాదు, ఏటా కొట్టుకు పోవాల్సిందే. హైబ్రిడ్ మోసమని నేననను, దిగుబడికి వేసుకునేవాళ్ళు లెక్క చూసుకునే వేసుకుంటారు. మీకు మాత్రం ఆ స్టార్టర్ బాక్సు హైబ్రిడ్‌లాంటిదని చెప్పకుండా అంటగట్టారు, ఆ తర్వాత కొట్టే ఎత్తేశారు.

ఈసారి కొనేటప్పుడు, నెట్ పోతే ఇది నడుస్తుందా అని అడగండి. లోపలి వైరింగ్ బొమ్మ కాగితం మీద ఇస్తావా, మీ సర్వరు లేకపోయినా మామూలు ఎస్సెమ్మెస్‌తో ఆన్ అవుతుందా, మా ఊరి మెకానిక్ విప్పితే గ్యారంటీ పోతుందా అని కూడా అడగండి. సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేస్తే అర్థం చేసుకోండి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఓపెన్ బోర్డయినా సరే మీ వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టక మానదు, సరైన డబ్బాలో పెట్టి సీలు చేయించకపోతే స్వేచ్ఛగా చచ్చిపోతుంది.

*

ప్రశ్న: మా హైస్కూల్లో ఆరు కంప్యూటర్లున్నాయి. నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే వారం రోజులుండదు. పిల్లలను కూచోబెట్టి పెయింట్‌లో ఇల్లు, కొండ, సూర్యుడు గీయించడం తప్ప ఏం చేయించాలో తోచడం లేదు.
(సైన్సు టీచరు, కనిగిరి ప్రాంతం)

జవాబు: నెట్ లేకపోవడం మరీ అంత పెద్ద అడ్డేం కాదమ్మా. కివిక్స్ అని ఒక ప్రోగ్రాం ఉంది, దాంతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నెట్ లేకుండానే చదివించొచ్చు. 2003 డిసెంబరులో మొదలై, జీతం భత్యం లేకుండా మనలాంటివాళ్ళు రాసిపెట్టిందది. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగు మాటలతో కూడా ఉన్నాయి, పట్నం వెళ్ళినప్పుడు దింపుకొచ్చుకోండి. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్ చదువు ఏళ్ళుగా లైనక్స్ అనే ఓపెన్ ఆపరేటింగ్ సిస్టం మీదే నడుస్తోంది. లైసెన్సుల ఖర్చు మిగలడం ఒక్కటే కాదు, అక్కడ టీచర్లే కూచుని సాఫ్ట్‌వేర్‌ను మలయాళంలోకి, వాళ్ళ సిలబస్‌కి తగ్గట్టు మార్చుకున్నారు. కొని తెచ్చుకున్న సరుకుతో ఆ వీలు ఎక్కడిది.

కానీ మీకు చెప్పాలనుకున్నది కంప్యూటర్ల గురించి కాదు, మీ ఊరి బోరు గురించి.

మీ వైపే ఒక బడిలో కొన్నాళ్ళ కింద చూశాను. ఎనిమిదో తరగతి పిల్ల, రెండు జడలు, ఒక చేతిలో బోరు నీళ్ళ ట్యూబు, ఇంకో చేతిలో ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్ళ ట్యూబు. రెండిట్లో ఫ్లోరైడు పరీక్ష మందు చుక్కలు వేసింది. కిటికీ దగ్గరకు పోయి వెలుతురుకి పట్టుకుంది. క్యాను నీళ్ళు గులాబీ రంగులో నిలబడ్డాయి. బోరు నీళ్ళు మెల్లగా పసుపుకి తిరిగాయి. క్లాసంతా ఒక్కసారి గప్‌చుప్. ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏమందంటే, "సార్, మా జేజి పళ్ళ రంగు ఇదే." పక్కనున్న సారు మాట్లాడలేకపోయాడు, నేనూ మాట్లాడలేదు.

తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. ఈ లెక్క పుస్తకంలో చదివితే రెండు మార్కుల ప్రశ్న. ట్యూబులో చూస్తే మర్చిపోరు. ఆ ఆరు కంప్యూటర్లను ఇప్పుడు పనికి పెట్టండి. లిబ్రే ఆఫీస్‌లో ఒక పట్టిక తెరిచి ఏ బోరు, ఏ తారీకు, ఏ రంగు అని పిల్లలతోనే నింపించండి, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఎవరైనా గీయగల నెట్ పటం ఉంది, అందులో మీ ఊరు బహుశా ఒక గీతలాగే ఉంటుంది. బడి, బోర్లు, ట్యాంకు పిల్లలే పెడతారు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు ఈ పరీక్ష నేర్పాలని మార్గదర్శకాల్లో ఉంది. మీ ఊళ్ళో ఆ అయిదుగురెవరో, కిట్టు ఎక్కడుందో పంచాయతీలో అడగండి, చాలాసార్లు బీరువాలో ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. కిట్టు రంగు అంచనా మాత్రమే, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకి పంపించి ఖాయం చేసుకున్నాకే ఊళ్ళో చెప్పండి, లేకపోతే అనవసరంగా టెన్షన్. రెండోది, ఇంటికెళ్ళి ఏం చెప్పాలో పిల్లలకు నేర్పండి. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన ఇళ్ళలో 'కాచి తాగండి' అన్నది వేదవాక్కు కదా, అందుకని ఇది నొక్కి చెప్పాలి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే నల్గొండ పద్ధతి ఉంది, నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థవాళ్ళు తయారుచేసింది. అందులో రహస్యమేమీ లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. కానీ పటిక మోతాదు ఏ నీటికి ఆ నీటికి మారుతుంది, రోజూ శ్రద్ధగా చూసేవాళ్ళుండాలి, అడుగున దిగిన బురద ఎక్కడ పారబోయాలో తెలియాలి. అది తెలియనిచోట డ్రమ్ములు మూలన పడ్డాయి.

*

ప్రశ్న: ఎంపీసీ చదువుతున్నాను. నాకు తెలుగంటే ఇష్టం, కానీ మార్కులు బాగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం ఇచ్చారు. జేఈఈకి పనికిరానిది ఎందుకు అంటున్నారు. మీరు అన్ని రకాల చదువూ కావాలంటారు, మాకు నిద్రకే టైము లేదు.
(నెల్లూరులో ఒక హాస్టల్, పేరు వేయొద్దు)

జవాబు: వేయలేదమ్మా. పదిహేను పర్వాల భారతం రాసిన తిక్కన ఊళ్ళో కూచుని తెలుగు చదవడానికి వీల్లేదంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. సంస్కృతం చదవడంలో తప్పేమీ లేదు, నిజంగా చదివిస్తే. మార్కుల కోసం రెండు నెలల్లో బట్టీపట్టి మర్చిపోయేదాన్ని ఏ భాష అనాలి?

పనికిరావడం గురించి ఒకటి చెబుతాను. వెంకటగిరి (ఇప్పుడు జిల్లా మారింది గానీ, నా లెక్కలో ఇంకా నెల్లూరే) వెళ్ళినప్పుడు జాకార్డ్ మగ్గం చూడు. పైన చిల్లుల అట్టలు దండలాగా వేలాడుతుంటాయి. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, అట్ట వెనక అట్ట తిరిగేసరికి అంచు మీద హంస దిగుతుంది. ఈ చిల్లుల అట్టల మగ్గం ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో వచ్చింది. ఇంగ్లండు గణితవేత్త బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే అనుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. నువ్వు రేపు రాయబోయే ప్రోగ్రాముకు ముత్తాత అక్కడ టకటకలాడుతోంది. నేత తెలియనివాడు ఆ మగ్గాన్ని చూసి చీర అంటాడు, కంప్యూటర్ తెలియనివాడూ చీరే అంటాడు. రెండూ కాస్త కాస్త తెలిసినవాడికి మాత్రమే ఇంకేదో కనపడుతుంది.

పరీక్షలు కానీ. నీ మీద ఇంకో బరువు వేయను. ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకున్నాక ఇరవై నిమిషాలు నీకిష్టమైన తెలుగు పుస్తకం చదువుకో, దాని మీద నోట్సు మాత్రం రాసుకోకు. వేసవిలో మళ్ళీ రాయి నాకు.

*

ప్రశ్న: డీటీపీ షాపు నడుపుతున్నాను. పాత ఫాంట్లలో చేసిన పెళ్ళి కార్డులు, పుస్తకాలు ఇరవై ఏళ్ళవి కొత్త సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. అసలు ఫాంట్ ఊరికే పంచితే చేసినోడు ఏం తింటాడు?
(నెల్లూరు ట్రంకురోడ్డు)

జవాబు: పిచ్చి గీతలకు కారణం, ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టి, ఏ కంపెనీకి ఆ కంపెనీ సొంత వరస కట్టుకుంది. ఆ ఫాంట్ లేకపోతే ఫైలు చచ్చినట్టే. యూనికోడ్‌లో మన అక్షరాలకు అందరూ ఒప్పుకున్న గళ్ళున్నాయి, ఫాంట్ మార్చినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. పాతవాటికి కన్వర్టర్లున్నాయి, మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి కంటితో దిద్దుకోండి.

మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వచ్చాయి. చేసినవాళ్ళ పని ఊరికే పోలేదు, ముందుగా ఖర్చు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఒకసారి డబ్బు పెడితే రాష్ట్రమంతా వాడుకునే పనికి ముందే కూలి ఇవ్వడం న్యాయమని నా లెక్క. అయితే మీ అనుమానం ఒట్టిది కాదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అని ఒక లోపం బయటపడింది. ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు తాళంగా పెట్టుకున్న ఓపెన్ ప్రోగ్రాంలో అది. చూస్తే దాన్ని కనిపెట్టుకుని ఉన్నది గుప్పెడు మంది. అందరిదీ అనుకున్న బావిలో పూడిక తీసేవాడు లేనట్టు.

*

ప్రశ్న: మేం అడంగల్, వన్-బీ, భూమి రికార్డులన్నీ ఆన్‌లైన్లో పెట్టాం. తెరిచిపెట్టమన్నారు, పెట్టాం. ముందు చూసుకుంది ఎవరు? రియల్ ఎస్టేట్ బ్రోకర్లు. ఎకరం రైతు ఇప్పటికీ నెట్ సెంటర్లో డబ్బులిచ్చి ప్రింటు తీయించుకుంటున్నాడు. దీన్నేనా మీరు పొగిడేది?
(రిటైర్డ్ వీఆర్వో, పొదిలి)

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు గట్టిగా తగిలిన ప్రశ్న ఇదేనండీ. మీతో వాదించను. తెరిచిపెట్టిన దాన్ని ముందు చదవగలిగినవాడే ముందు వాడుకుంటాడు. తలుపు తీస్తే చాలు అనుకునేవాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు. అయితే మళ్ళీ మూసేద్దామా అంటే, మూసి ఉన్న రోజుల్లో ఏం జరిగేదో మీకంటే ఎవరికి తెలుసు.

ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఒకటి గుర్తు చేస్తాను. 2005 చట్టంలోనే గ్రామసభ లెక్కలు తనిఖీ చేయాలని రాశారు, దాన్ని ముందుగా పట్టుదలగా చేసినవాటిలో మన రాష్ట్రం ఒకటి. కాగితాలు నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోలేదు, గట్టిగా చదివారు. నేనొక సభలో వెనక బెంచీ మీద ఉన్నాను. మస్టరు తీసి ఒక్కో పేరు, ఎన్ని రోజులు, ఎంత కూలి అని చదువుతున్నారు. ఒక పేరు దగ్గర ముసలామె లేచి, "యాడ పని చేశాడయ్యా, ఆయన పోయి రెండేళ్ళాయె, దినానికి నువ్వూ వచ్చి తిన్నావుగా" అంది. నవ్వులు, తర్వాత అరుపులు, తర్వాత మళ్ళీ లెక్క. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించేవాళ్ళుండబట్టి కాగితం ఆమెదైంది.

మీకు అడంగల్ నిద్రలో కూడా చదవడం వచ్చు. ఇంటి అరుగు మీద వారానికొక సాయంత్రం, వచ్చినవాళ్ళకు వాళ్ళ సర్వే నంబరు వాళ్ళ ఫోన్లోనే తీసి, ఏ గడిలో ఏముందో చెప్పగలరా? నెట్ సెంటరాయనకు కోపం రావచ్చు, అది మీరూ ఆయనా చూసుకోండి.

*

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందంటున్నారు. పారేయాలా?
(గృహిణి, కందుకూరు)

జవాబు: వద్దమ్మా. 2025 అక్టోబరుతో మామూలు సపోర్టు ఆగిన మాట నిజం, మిషను మాత్రం బాగానే ఉంది. విండోస్ బదులు లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం వేయించండి, తెలుగు టైపింగ్ కూడా ఉంటుంది, పిల్లల చదువుకి, సినిమాలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసి, అప్పుడు లోపల వేయమనండి. అన్నిటికంటే ముందు మీ పెళ్ళి ఫోటోలు రెండు చోట్ల దాచుకోండి, ఒకటి మీ దగ్గర, ఒకటి పుట్టింట్లో.